గోధుమ గింజకు ఊరి పేరు

ఇల్లినాయ్ మైదానాల్లో 1840ల నాటి రైతు గోధుమలను సంచుల్లో నింపి, మూతి కుట్టి అమ్మకానికి పంపేవాడు. బండి మీద నది రేవుకు, రేవు నుంచి పడవలో సెయింట్ లూయిస్‌కు, అక్కణ్నుంచి న్యూ ఆర్లీన్స్‌కు చేరినా ఎవరి సంచి వారిదే. దారిలో తడిసినా, ధర పడిపోయినా నష్టం సరుకు పంపినవాడిదే. కొనేవాడు సంచి విప్పించి, గింజ చూసుకుని, ఆ సంచికే ధర కట్టేవాడు.

ఇంకో పది పదిహేనేళ్లకు ఆ సంచి బజారులో కనబడకుండా పోయింది. షికాగోలో రైలు పట్టాల పక్కన, నది ఒడ్డున ఆవిరి యంత్రంతో పనిచేసే ఎత్తయిన ధాన్యపు గిడ్డంగులు లేచాయి. వాటిని ఎలివేటర్లు అన్నారు. చిన్న చిన్న తొట్లు బిగించిన పొడవాటి పట్టీ ఆగకుండా తిరుగుతూ రైలు పెట్టెలోంచి వచ్చిన గింజలను పైకి తోడేది. పైన తూకమయ్యాక అవి గొట్టాల్లోంచి జారి గాదెల్లో పడేవి. గాదె నిండాలంటే పదిమంది ధాన్యం కలపాలి. కలపాలంటే ఏది ఏ రకమో ముందే తేలాలి. అందుకని 1848లో పుట్టిన షికాగో బోర్డ్ ఆఫ్ ట్రేడ్ 1856లో గోధుమను తెల్ల శీతాకాలపు రకం, ఎర్ర శీతాకాలపు రకం, వసంతకాలపు రకం అని మూడుగా విడగొట్టింది. ధాన్యం పోసినవాడి చేతికి రసీదు ఇచ్చేవారు. ఆ రసీదు పట్టుకొచ్చినవాడికి అదే రకం ధాన్యం అంతే తూకం కొలిచి ఇస్తారు కానీ, అతను పోసిన గింజలే ఇవ్వరు. ఇక రసీదులే చేతులు మారడం మొదలైంది. గింజ గాదెలో ఉండగానే పదిసార్లు అమ్ముడుపోవచ్చు. ఇంకా బజారుకు రాని ధాన్యం మీద కూడా బేరాలు సాగాయి. 1865లో బోర్డు ఆ బేరాలకు నియమాలు రాసిపెట్టింది.

కొనుగోలు కేంద్రంలో వడ్లు పోసిన తెలుగు రైతుకు ఇది కొత్త సంగతేమీ కాదు. తేమ 17 శాతం దాటిందా లేదా, రకం ‘సాధారణ’మా ‘గ్రేడ్ ఎ’నా అని తేలాక, ఏ కాలువ నీళ్లకు పండిందో, ఎవరు నాటు వేశారో ఆ వడ్లు ఎవరికీ చెప్పవు. మిల్లుకు చేరేసరికి అవి రకం పేరుతో ఉన్న ఒక కుప్ప, అంతే.

గింజ తన ఊరు పోగొట్టుకున్న ఈ వైనాన్ని అమెరికన్ చరిత్రకారుడు విలియం క్రోనన్ 1991లో ‘నేచర్స్ మెట్రోపాలిస్’ అనే పుస్తకంలో రాశారు. షికాగో గురించి అంతకు ముందు కూడా పుస్తకాలు వచ్చాయి. నగర చరిత్ర అనగానే మేయర్లు, సమ్మెలు, మేడలు, మురికివాడలు అందులో ఉంటాయి. ఈ పుస్తకంలో ఉన్నవి గోధుమ, కలప, మాంసం. ఉత్తరాన విస్కాన్సిన్, మిషిగన్ అడవుల్లో తెల్ల పైన్ మానులు కూలాయి. దుంగలు నదుల వెంట రంపపు మిల్లులకు, పలకలు సరస్సు మీదుగా షికాగో కలప అడితీలకు, అక్కణ్నుంచి రైళ్లలో చెట్టే లేని పడమటి మైదానాలకు చేరి ఇళ్లయ్యాయి, కంచెలయ్యాయి. 1865 క్రిస్మస్ నాడు తెరిచిన యూనియన్ స్టాక్ యార్డులో పశువులు దిగేవి. తర్వాతి కాలంలో మంచు పెట్టెల రైళ్లలో వాటి మాంసం తూర్పు నగరాల దుకాణాలకు వెళ్లేది. కొనే ఇల్లాలికి చంపిన చోటూ తెలియదు, మేసిన గడ్డీ తెలియదు. 1871 అక్టోబరు 8 రాత్రి షికాగో తగలబడిందని లోకమంతా చెప్పుకుంటుంది. అదే రాత్రి విస్కాన్సిన్‌లో పెష్టిగో అనే కలప పట్టణం, దాని చుట్టూ అడవీ తగలబడి కనీసం 1,200 మంది చనిపోయారు. షికాగోలో చనిపోయినవారి కంటే అది ఎన్నో రెట్లు ఎక్కువ. మంట నగరానిదైతే చరిత్రకెక్కింది, ఆ నగరానికి కలప పంపిన ఊరిదైతే స్థానికులకు మిగిలింది. నగరాన్నీ అడవినీ వేరువేరు పుస్తకాల్లో పెట్టి చదివినంత కాలం ఈ రెండు మంటలూ పక్కపక్కన కనబడవు.

క్రోనన్ 1954లో న్యూ హేవెన్‌లో పుట్టి, విస్కాన్సిన్ రాజధాని మ్యాడిసన్‌లో పెరిగారు. తండ్రి కూడా చరిత్రకారుడే. మ్యాడిసన్‌కు మారకముందు, చిన్నతనంలో ఏటా వేసవికి కుటుంబమంతా కారులో న్యూ ఇంగ్లండ్ నుంచి గ్రీన్ లేక్ దగ్గర తాతగారింటికి వెళ్లేవారట. దారిలో షికాగో దగ్గరపడగానే గాలి రంగు మారి, వాసన మారి, పిల్లవాడికి ఆ ఊరంటే అయిష్టం పుట్టింది. నగరం దాటి విస్కాన్సిన్ పచ్చిక కనబడితేనే ప్రాణం కుదుటపడేదని పుస్తకం మొదట్లోనే రాసుకున్నారు. తనకు ప్రాణమైన ఆ పచ్చిక, పాడి పొలాలు కూడా షికాగో బజారు చేతిలో రూపుదిద్దుకున్నవేనని చాలా ఏళ్లకు ఆయనకు తట్టింది. పర్యావరణాన్ని ప్రేమించేవాళ్లలో చాలామంది ఆ పిల్లవాడి దగ్గరే ఆగిపోతారు. క్రోనన్ అక్కడ ఆగకపోవడం వల్లనే ఆయన చరిత్ర ఇంత దూరం నడిచింది.

ఆ పుస్తకంలో పాఠకులు గబగబా దాటేసే పుటలు కొన్ని ఉన్నాయి. చరిత్ర రాసే పని మీద ఆసక్తి ఉన్నవాళ్లు ఆగి చూడాల్సినవి అవే. 1873 ఆర్థిక సంక్షోభంలో దివాళా తీసిన వ్యాపారుల కాగితాలు కోర్టుల్లో మిగిలాయి. దివాళా దరఖాస్తులో వ్యాపారి తాను ఎవరెవరికి బాకీ, తనకు ఎవరెవరు బాకీ, వాళ్లది ఏ ఊరు, ఎన్ని డాలర్లు అన్నది వరసగా రాయాలి. తనఖాలు, ఇనప సామాను బాకీలు, బట్టల బాకీలు. క్రోనన్ ఈ జాబితాలను కౌంటీల వారీగా కూడి పటాల మీదికి ఎక్కించారు. చూడగానే షికాగో చేయి పడమటికి ఎంత దూరం చాచుకుందో, పోటీ నగరమైన సెయింట్ లూయిస్ చేయి ఎక్కడ ఆగిపోయిందో తెలిసిపోతుంది. దివాళా తీసిన కిరాణా వ్యాపారి తన అవమానాన్ని రాసుకున్న కాగితమే ఒక మహానగరానికి సరిహద్దు పటం అయింది. ఇప్పుడు ఇలాంటి పనిని డిజిటల్ హ్యుమానిటీస్ అంటున్నారు. అప్పటికి ఆ పేరు వాడుకలోకి రాలేదు, పని మాత్రం జరిగిపోయింది.

ఈ చూపు ఆయన మొదటి పుస్తకంలోనే ఉంది. ‘ఛేంజెస్ ఇన్ ద ల్యాండ్’ 1983లో వచ్చేనాటికి ఆయనకు ముప్ఫై ఏళ్లు నిండలేదు. న్యూ ఇంగ్లండ్‌కు ఇంగ్లిష్ వలసవాసులు వచ్చినప్పుడు అక్కడి అడవులు ఉద్యానవనాల్లా, చెట్టుకూ చెట్టుకూ మధ్య మనిషి సులువుగా నడిచేంత విశాలంగా ఉన్నాయి. అదంతా ప్రకృతి ప్రసాదమని వచ్చినవాళ్లు అనుకున్నారు. నిజానికి ఆదివాసులు ఏటా పొదలను తగలబెడుతూ వేటకు అనువుగా ఉంచుకున్న అడవి అది. బీవర్ల కథ అంతకంటే పట్టి చూడదగ్గది. బొచ్చు వ్యాపారం కోసం బీవర్లను చంపేశారు. అవి వాగులకు అడ్డంగా కట్టిన కట్టలు చూసుకునే ప్రాణి లేక తెగిపోయాయి. కట్ట వెనక చెరువు ఇంకిపోయి, తరాలుగా పేరుకున్న నల్లటి ఒండ్రు బయటపడింది. ఆ ఒండ్రులో గడ్డి ఏపుగా పెరిగింది. ఆ గడ్డి వలసవాసుల పశువులకు మేత అయింది. యూరప్‌లో టోపీల మోజుకూ, మసాచుసెట్స్‌లో ఆవు పాలకూ మధ్య నడిచిన దారి ఇది. ఆ దారిలో ఒక్క అడుగు కూడా ఎవరూ ఊహించి వేసింది కాదు. మనుషులు, జంతువులు, నీళ్లు, ధరలు ఒకే వాక్యంలోకి వచ్చేలా రాయడం క్రోనన్‌కు మొదటినుంచీ తెలుసు.

ఇంతవరకు అది పండితులు మెచ్చే చరిత్ర. 1995లో వచ్చిన వ్యాసంతో ఆయన వీధిలోకి వచ్చారు.

ఆ వ్యాసం ‘ద ట్రబుల్ విత్ వైల్డర్‌నెస్’. న్యూయార్క్ టైమ్స్ ఆదివారం పత్రికలో సంక్షిప్తంగా వచ్చింది. మనిషి పాదం సోకని అడవి అన్నది ప్రకృతిలో దొరికేది కాదనీ, పట్నవాసులు తమ అవసరం కోసం అల్లుకున్న ఊహ అనీ అందులో వాదించారు. గ్లేసియర్ నేషనల్ పార్క్‌లో తమ తాతల నాటి నేల మీద వేటాడినందుకు బ్లాక్‌ఫీట్ ఆదివాసులను దొంగవేటగాళ్లు అంటున్నారని గుర్తుచేశారు. ముందు మనుషుల్ని పంపేసి, తర్వాత దానికి నిర్జనం అని పేరు పెట్టారన్నమాట. నల్లమలలో పులుల అభయారణ్యం నుంచి చెంచులను తరలించే మాట వచ్చినప్పుడల్లా ఈ వ్యాసం గుర్తొస్తుంది. ప్రకృతి అంటే ఎక్కడో దూరాన ఉన్నదే అనుకుంటే, మనం బతికే చోట చెట్టును, వాగును, గాలిని పట్టించుకోనక్కర్లేదన్న ధీమా వస్తుందని ఆయన అసలు భయం. పర్యావరణ ఉద్యమకారులు మండిపడ్డారు. అడవులు నరకాలని కాచుకున్నవాళ్ల చేతికి ఆయుధం ఇచ్చారన్నారు. ‘ఎన్విరాన్మెంటల్ హిస్టరీ’ పత్రిక 1996 తొలి సంచికలో ఆ వ్యాసాన్నీ, తోటి చరిత్రకారుల విమర్శలనూ, ఆయన సమాధానాన్నీ కలిపి అచ్చువేసింది.

ఆ విమర్శలో కొంత నిజం ఉంది. చట్టసభలో అడవి కోసం ఓటు అడిగేవాడికి, అడవి ఒక ఊహ అన్న వాదం అడ్డమే. క్రోనన్ మాత్రం మాట విసిరేసి విశ్వవిద్యాలయం గోడల వెనక్కి వెళ్లిపోలేదు. అడవుల రక్షణ కోసమే పనిచేసే వైల్డర్‌నెస్ సొసైటీ పాలకమండలిలో పనిచేశారు. 2003లో సుపీరియర్ సరస్సులోని అపోసిల్ దీవుల గురించి రాశారు. ఆ దీవుల్లో ఒకప్పుడు రాతి గనులు నడిచాయి, చేపలవాళ్ల గుడిసెలు, పొలాలు, పండ్లతోటలు ఉండేవి, కలప కొట్టారు. ఇప్పుడు అడవి తిరిగి కమ్ముకుంది. దీన్ని వన్యప్రాంతంగా ప్రకటించండి, కానీ మనుషులు బతికిన ఆనవాళ్లను చెరిపేయకండి అని ఆయన వాదన. మరుసటి ఏడు ఆ దీవుల్లో అధిక భాగాన్ని విస్కాన్సిన్ సెనేటర్‌గా పనిచేసిన గేలార్డ్ నెల్సన్ పేరిట వన్యప్రాంతంగా ప్రకటించారు. ఎనిమిదేళ్ల ముందు తాను లేవదీసిన చిక్కుముడిని ఒక నిజమైన దీవి మీద, నిజమైన చట్టం ముందు విప్పడానికి ఆయన పూనుకున్నారు. సిద్ధాంతం చెప్పినవాళ్లలో ఇంత ఓపిక అరుదు.

డిజిటల్ పని దగ్గరికి వస్తే, ఆయన చేసింది ఆర్భాటం లేని పని. తన తరగతుల పాఠ్య ప్రణాళికలు, విద్యార్థులకిచ్చే కాగితాలు, ఒక నేలను చూసి దాని గతాన్ని ఎలా చదవాలో చెప్పే సూచనలు అన్నీ తన వెబ్‌సైట్‌లో అందరికీ తెరిచిపెట్టారు. 2009 ప్రాంతంలో తన పరిశోధక విద్యార్థులతో కలిసి, చరిత్ర పరిశోధన ఎలా చేయాలో మొదటి మెట్టు నుంచి నేర్పే చోటు ఒకటి ఇంటర్నెట్‌లో కట్టారు. ప్రశ్న ఎలా వేసుకోవాలి, పటం ఎలా చదవాలి, ప్రభుత్వ నివేదికలు ఎక్కడ దొరుకుతాయి, పాత ఫొటోలో ఏం వెతకాలి. పిహెచ్‌డీ సీటు లేనివాళ్లకు, పట్టణ గ్రంథాలయంలో కూర్చుని తమ ఊరి చరిత్ర రాసుకునేవాళ్లకు ఉపయోగపడేలా రాశారు. 2012లో అమెరికన్ హిస్టారికల్ అసోసియేషన్ అధ్యక్షుడైనప్పుడు సంఘ పత్రికలో రాసిన తొలి వ్యాసాల్లోనే డిజిటల్ కాలంలో చరిత్ర అన్న విషయం ఎత్తుకున్నారు. వికీపీడియాను ఈసడించుకోవడం మాని, అందులో ఏం జరుగుతోందో పట్టించుకోమని చరిత్రకారులకు చెప్పారు.

ఆయన తరంలోనే మరికొందరు యంత్రాలతో ఇంకా ముందుకు వెళ్లారు. స్టాన్‌ఫర్డ్‌లో రిచర్డ్ వైట్ 2007లో మొదలుపెట్టిన స్పేషియల్ హిస్టరీ ప్రాజెక్టులో పాత రైలు కంపెనీల సరుకు రవాణా ధరల పట్టికలను కంప్యూటర్‌లోకి ఎక్కించారు. పటం మీద పక్కపక్కనున్న రెండు ఊళ్లు ఆ ధరల్లో ఎంతో దూరమైపోతాయి. రైతుకు మైళ్లతో పని లేదు, బస్తాకు కిరాయి ఎంతన్నదే అతని దూరం. పటం పుస్తకానికి అలంకారంగా ఉండకూడదనీ, అది లేకపోతే తట్టని ప్రశ్నను తట్టించాలనీ వైట్ పట్టుదల. మ్యూనిక్‌లో 2009లో మొదలైన రేచల్ కార్సన్ సెంటర్ పర్యావరణ చరిత్రలను, ప్రదర్శనలను ఇంటర్నెట్‌లో ఉచితంగా ఉంచుతోంది.

అన్నింటిలోకి మనసును కదిలించేది మాత్రం బ్రిటన్ వాన లెక్కల కథ. అక్కడి వాతావరణ శాఖ దగ్గర పాత వాన లెక్కల కాగితాలు 65 వేలకు పైగా ఉన్నాయి. ఒక్కో కాగితం మీద ఒక చోట పదేళ్ల పాటు నెలనెలా పడిన వాన చేత్తో రాసి ఉంటుంది. స్కాన్ అయితే చేశారు కానీ, చేతిరాతను అంకెలుగా మార్చేదెవరు? 2020 మార్చి చివర్లో, కరోనాతో జనం ఇళ్లలో చిక్కుకున్న వారంలోనే, రెడింగ్ విశ్వవిద్యాలయానికి చెందిన ఎడ్ హాకిన్స్ బృందం ఆ కాగితాలను జనం ముందు పెట్టింది. 16 వేల మంది పూనుకుని 16 రోజుల్లో 50 లక్షలకు పైగా అంకెలను ఎక్కించారు. వాన కొలిచిన ఆనాటి మనుషులు శాస్త్రవేత్తలు కారు, చర్చి గురువులు, జమీందార్లు, డాక్టర్లు, తోటమాలులు. పెరట్లో పెట్టుకున్న సీసాలో నీళ్లు కొలిచి రాసిన ఆ మామూలు మనుషుల లెక్కను, అంతే మామూలు మనుషులు శతాబ్దం తర్వాత బతికించారు. దాని వల్ల బ్రిటన్ వాన చరిత్ర 1836 దాకా వెనక్కి వెళ్లింది. అంతకు పదేళ్ల ముందు ‘ఓల్డ్ వెదర్’ పేరుతో బ్రిటిష్ యుద్ధనౌకల దినచర్య పుస్తకాలను కూడా ఇలాగే చదివించారు. కాపలా మారినప్పుడల్లా నావికుడు రాసిన గాలి, వేడి, పీడనం అంకెలు ఈనాటి వాతావరణ నమూనాలకు ముడిసరుకయ్యాయి. చదివేవాళ్లకు అంకెల మధ్యలో బొగ్గు నింపిన రోజులు, నావికుల జబ్బుల సంగతులు కూడా కనబడుతుంటే పని వదలబుద్ధి కాలేదు.

ఇన్ని అంకెలు, పటాలు పోగైతే చరిత్ర దానంతట అదే బయటికొస్తుందన్న ఆశ ఒకటి ఈ రంగంలో తిరుగుతూ ఉంటుంది. దానికి క్రోనన్ 1992లోనే జవాబు చెప్పారు. 1930లలో అమెరికా మైదానాలను ధూళి తుపానులు ముంచెత్తాయి. దాని మీద 1979లో రెండు పుస్తకాలు వచ్చాయి. పాల్ బోనిఫీల్డ్ రాసినది కష్టానికి తలవంచని మనుషుల కథ. డొనాల్డ్ వోర్స్టర్ రాసినది లాభాపేక్షతో దున్నకూడని నేలను దున్ని, నేల చేతిలో ఓడిపోయిన వ్యవస్థ కథ. అదే ధూళి, అదే దశాబ్దం, దాదాపు అవే ఆధారాలు, పూర్తిగా ఎదురుబొదురు ముగింపులు. కథ ఎక్కడ మొదలుపెట్టి ఎక్కడ ఆపుతావు అన్నదే తీర్పును నిర్ణయిస్తుంది. అయితే ఎవరి కథ వాళ్లదే, అన్నీ సమానమే అనాలా? క్రోనన్ అలా అనలేదు. తెలిసిన వాస్తవాన్ని కథ కాదనకూడదు, నేల తీరుకు, జీవుల తీరుకు పొసగాలి, తోటివారి ముందు పెట్టి వారి ప్రశ్నలకు నిలబడాలి అన్నారు. ఈ మూడో షరతులోనే ఆయన జీవితమంతా ఉంది. జనం ముందుకు వెళ్లడం చరిత్రకారుడు ఖాళీ దొరికినప్పుడు చేసే సమాజసేవ అని ఆయన అనుకోలేదు. అక్కడ నిలబడితేనే చెప్పింది చరిత్ర అవుతుంది.

హైదరాబాద్ చెరువుల తగువు చూస్తే ఈ షరతుల విలువ తెలుస్తుంది. 1908 సెప్టెంబరు 28 మూసీ వరద తర్వాత నగరాన్ని మళ్లీ ఎలా కట్టాలన్న ఆలోచన మొదలైంది. విశ్వేశ్వరయ్య సలహాతో ఉస్మాన్‌సాగర్, హిమాయత్‌సాగర్ వచ్చాయి. 1912 నుంచి 1915 దాకా లియొనార్డ్ మన్ పర్యవేక్షణలో నగరాన్ని వీధి వీధీ కొలిచి పటాలు గీశారు. ఇవాళ బాలానగర్ నుంచి నడిచే జాతీయ రిమోట్ సెన్సింగ్ సంస్థ ఎన్ఆర్ఎస్‌సీ ‘భువన్’ చిత్రాలను ఎవరైనా ఫోన్‌లో తెరిచి చూడొచ్చు. పాత పటం, ఉపగ్రహ చిత్రం పక్కపక్కన పెడితే కుంట ఎక్కడ మాయమైందో ఇట్టే తెలుస్తుంది. ఎఫ్‌టీఎల్ (చెరువు నిండినప్పటి నీటిమట్టం) గీత ఎక్కడ గీయాలన్న వాదం మాత్రం తెగదు. అది ఎండాకాలం సాగుచేసుకునే శిఖం భూమా, ఎప్పుడూ నీళ్లుండే చోటా, తూము ఎప్పుడు మూశారు, అలుగు ఎత్తు ఎవరు మార్చారు, ఆయకట్టు రైతు పొలం అమ్ముకున్నాక నీరటి ఏమయ్యాడు, అపార్ట్‌మెంట్‌లో జీవితకాలపు పొదుపు పెట్టినవాడికి ఏ కాగితం చూపించారు. ఇవేవీ ఆకాశం నుంచి తీసిన ఫొటోలో ఉండవు. పహాణీల్లో, ముసలివాళ్ల నోళ్లలో, కోర్టు కాగితాల్లో ఉంటాయి. దివాళా కాగితాల నుంచి నగరం సరిహద్దు గీసిన మనిషి పని ఇక్కడ ఎంత అవసరమో నగరంలో ప్రతి వానాకాలం చెబుతోంది.

జనం ముందు నిలబడటానికి ధర కూడా ఉంది. 2011లో విస్కాన్సిన్ గవర్నర్ స్కాట్ వాకర్ ప్రభుత్వ ఉద్యోగుల సామూహిక బేరసారాల హక్కును కత్తిరించే చట్టం తెచ్చినప్పుడు మ్యాడిసన్‌లో శాసనసభ భవనం వారాల తరబడి నిరసనలతో నిండిపోయింది. అక్కడి విశ్వవిద్యాలయంలో ఆచార్యుడిగా ఉన్న క్రోనన్ మార్చి 15న తన వెబ్‌సైట్‌లో ఒక వ్యాసం పెట్టారు. ఇలాంటి చట్టాల నమూనాలు ఎక్కడ తయారవుతాయో, ఆ నమూనాలు అందించే ఏఎల్ఈసీ అనే సంస్థ ఏమిటో ఎలా వెతకాలో అందులో చెప్పారు. అది ఒక చరిత్రకారుడు ఆధారాలు వెతికే పద్ధతినే పౌరులకు నేర్పిన వ్యాసం. రెండు రోజులకే రాష్ట్ర రిపబ్లికన్ పార్టీ ప్రభుత్వ రికార్డుల చట్టం కింద ఆయన విశ్వవిద్యాలయ ఈమెయిళ్లు కావాలని అడిగింది. ‘రిపబ్లికన్’, ‘స్కాట్ వాకర్’, ‘యూనియన్’ వంటి మాటలున్న ఉత్తరాలన్నీ కావాలంది. క్రోనన్ ఆ చట్టాన్ని తప్పుపట్టలేదు. అది మంచి చట్టమే. విద్యార్థులు నమ్మి రాసుకున్న ఉత్తరాలు, తోటి పండితులతో రాతకోతలు బయటపెట్టడం వేరే విషయమన్నారు. ఏప్రిల్ మొదట్లో విశ్వవిద్యాలయం కొన్ని ఈమెయిళ్లు ఇచ్చి, విద్యార్థులవీ, పండిత చర్చలవీ ఇవ్వలేదు. దేశమంతా దీన్ని చర్చించింది.

ఇక్కడ ఒక మాట సూటిగా చెప్పుకోవాలి. ఆ ఏడాది క్రోనన్ వెనక శాశ్వత ఉద్యోగం ఉంది, పేరున్న పీఠం ఉంది, 1985 నాటి మెకార్థర్ ఫెలోషిప్ ఉంది, దేశంలో పెద్ద చరిత్ర సంఘానికి కాబోయే అధ్యక్షుడన్న గౌరవం ఉంది. అప్పుడే ఉద్యోగంలో చేరిన సహాయ ఆచార్యుడు అదే వ్యాసం రాస్తే ఏమయ్యేదో ఊహించుకోవచ్చు. డిజిటల్ పనిలోనూ అదే అన్యాయం. మూడేళ్లు కష్టపడి ఒక నది పాత పటాలన్నీ పోగుచేసి ఇంటర్నెట్‌లో పెట్టిన యువ పరిశోధకుడికి, పదోన్నతి వేళ ‘పుస్తకం ఏదీ?’ అన్న ప్రశ్న ఎదురవుతుంది. 2010లో అమెరికాలోని చరిత్ర సంఘాలు ప్రజల మధ్య చేసే చరిత్రను పదోన్నతుల్లో లెక్కించాలన్న నివేదికను ఆమోదించాయి. 2015లో డిజిటల్ పాండిత్యాన్ని ఎలా అంచనా వేయాలో హిస్టారికల్ అసోసియేషన్ మార్గదర్శకాలు ఇచ్చింది. కాగితం మీద ఒప్పుకున్నది నియామక సంఘం గదిలోకి వెళ్లడానికి చాలా కాలం పడుతుంది. మన విశ్వవిద్యాలయాల్లో ఆ కాగితం కూడా ఇంకా కనబడదు.

వెబ్‌సైట్లకు ఉన్న ఇంకో గండం ఆయుష్షు. సర్వర్ డబ్బు కట్టేవాడు రిటైరైతే, గ్రాంటు అయిపోతే పదేళ్ల పని ఒక పూటలో మాయమవుతుంది. 1873 నాటి దివాళా కాగితం వందేళ్లు దాటాక కూడా చదవడానికి దొరికింది. ఇప్పుడు పోగుచేస్తున్న పటాలకు అంత వయసు రావాలంటే, ఎక్కించడానికి పెట్టినంత డబ్బూ నిలబెట్టడానికి కూడా పెట్టాలి. రెండో ఖర్చుకు శిలాఫలకం ఉండదు కాబట్టి ఎవరూ ముందుకు రారు.

క్రోనన్ దశాబ్దాలుగా పనిచేస్తున్న పుస్తకం విస్కాన్సిన్‌లోని పోర్టేజ్ అనే చిన్న పట్టణం గురించి. అక్కడ ఫాక్స్ నదికీ విస్కాన్సిన్ నదికీ మధ్య కొద్దిపాటి నేల అడ్డం. ఒక నది నీళ్లు మహా సరస్సుల మీదుగా అట్లాంటిక్‌కు, ఇంకో నది నీళ్లు మిసిసిపీలో కలిసి మెక్సికో సింధుశాఖకు పోతాయి. ఆదివాసులు, బొచ్చు వ్యాపారులు పడవలను భుజాన వేసుకుని ఆ నేల దాటేవారు. అమెరికా చరిత్రను సరిహద్దు నేలల చరిత్రగా చెప్పిన ఫ్రెడరిక్ జాక్సన్ టర్నర్ పుట్టిందక్కడ. అడవుల రక్షణకు పోరాడిన జాన్ మ్యూర్ పెరిగిన పొలం ఆ చుట్టుపక్కలే. ఆల్డో లియొపోల్డ్ పాడుబడ్డ పొలం కొని, చెట్లు నాటి, నేల పట్ల మనిషి నీతి గురించి రాసుకున్న పాక కూడా అంత దూరంలోనే ఉంది. అమెరికన్లు ప్రకృతి గురించి ఆలోచించిన తీరులో సగం ఆ కొద్ది మైళ్లలో మొలిచింది. ఒక చిన్న ఊరిని పట్టుకుని ఖండాన్ని చెప్పగల రచయిత, ఇంతకాలం పాఠాల్లో, సంఘాల్లో, దీవుల వాదనల్లో, విద్యార్థుల వ్యాసాల మీద దిద్దుబాట్లలో గడిపారు. ఆ పనులేవీ వృథా కావు. వాటిలోంచి ఒక తరం చరిత్రకారులు వచ్చారు. మ్యాడిసన్‌లో ఆయన మరికొందరితో కలిసి పాదుకొల్పిన పర్యావరణ చరిత్ర కేంద్రంలోని పరిశోధక విద్యార్థులు 2014లో ‘ఎడ్జ్ ఎఫెక్ట్స్’ అనే ఇంటర్నెట్ పత్రిక మొదలుపెట్టి, సిద్ధాంత గ్రంథాల్లో మగ్గిపోయే సంగతులను మామూలు పాఠకుడికి అందే వ్యాసాలుగా రాస్తూ వచ్చారు. అయినా పోర్టేజ్ పుస్తకం రావాలి. పటాలు, అంకెలు, పాఠ్య ప్రణాళికలు ఎవరైనా పోగుచేసి తెరిచిపెట్టగలరు. ఆ రెండు నదుల మధ్య నేల మీద ఎవరెవరు ఏమేం మోసుకుంటూ నడిచారో నాలుగు వందల పుటల్లో ఓపికగా చెప్పగలవాళ్లు చాలా తక్కువ.